ఆకలి యనని రోగి

నిరంతరవర్షధారాపాతమున వంశధారానది యొడ్డు లొరసి పాఱుచుండఁగా పదునైదు దినములుగా సూర్యుఁడు మొగము చూపక మేఘపటలాంతరమున డాఁగియుండిన శ్రావణమాసమున నొక పూర్వాహ్ణమునందు, కళింగసీమయందెల్లఁ బ్రసిద్ధికెక్కిన భిషగ్వరుఁడు ఏకామ్రనాథశాస్త్రి తన భార్యయగు నరసాంబ చేయి పట్టి నాడి పరీక్షించి, "జఠరాగ్ని మందగించినది. లంకణము చేయవలెను" అని నిర్ణయించెను.

నిర్ణయమునకుఁ గారణములు లేకపోలేదు. మాఘమాసము మొదలుకొని యామె యన్నము ముట్టుట తగ్గించెను. ఉప్పు మఱచి వండిన పులుసును సయితము మాఱుపలుకక త్రాగెను. కోడికూఁతకు జాము ముందే మేల్కని కన్నులు తెఱచికొని పడియుండును, దువ్వెన పట్టదు, తాను నాఁటి పెంచిన జాజితీఁగ పెరటిలో నెండి కట్టెయైనను దానివంకఁ జూడదు. "నావలన నెవరికిఁ బ్రయోజనము?" అని యొకనాఁ డనెను. ఆ పలుకు శాస్త్రి చెవినిఁ బడెను గాని నాడికి దొరకనిదానిని రోగముగా నెంచుట యతని యలవాటు గాదు. ఆమె తల్లియు నిట్లే యైదేండ్లు గోడవంకకుఁ దిరిగి పండుకొనియుండఁగా బంధువులు గాలి సోకినదని వేపమండలతోఁ గొట్టించిరి. తుద కొకనాఁడు నూతిలోఁ దేలెను. ఆ వృత్తాంతము వివాహకాలమున దాఁపఁబడి పిమ్మట బయటఁబడినను మఱవఁబడెను.

శాస్త్రికి లంకణమునం దపారమగు విశ్వాసము. "రోగి తనంతట నాకలి యని యడుగువఱకు నన్నము పెట్టరాదు" అని తన తాళపత్రములయందు స్వహస్తముతో వ్రాసికొనియెను. అతని రోగులు మూఁడవనాఁటికే గంజికై యేడ్చువారు. కొందఱు చాటునఁ జల్ది దొంగిలి పట్టుపడి చీవాట్లు తినువారు. నరసాంబ యట్లు చేయదయ్యెను. వేఁడినీరు త్రాగుమనినఁ ద్రాగెను. నాలవనాఁ డాకలి లేదనెను, ఆఱవనాఁడును లేదనెను. "ఇంతటి పథ్యపాలనము నే నెన్నఁడును జూచియుండలేదు" అని యా మహానుభావుఁడు పొరుగువారికడ మెచ్చికొనెను!

తొమ్మిదవనాఁడు చెల్లెలు పేరిందేవి గంజిగిన్నెతో నతని కడ్డము నిలిచెను.

"అన్నయ్యా! నిన్న వదినె తాళపుచెవులు నా చేతఁ బెట్టి యిఁక నీవే చూచుకొనుమనినది. వాళ్ళమ్మ కథ నీ వెఱుఁగవా? బ్రదుకుమీఁద నాశ వదలుకొన్న మనిషి యాకలి యనునని కాచుకొని కూర్చుంటివా? నీవు చేసినది వైద్యము కాదు. ఆమె కోరినదే యిచ్చితివి."

శాస్త్రి గిన్నె పుచ్చుకొని లోనికిఁ బోయి మంచముపట్టె నానుకొని కూర్చుండెను. నలువది యేండ్లుగా వేలకొలఁది రోగుల నాకలి యగుచున్నదా యని యడిగినవాఁడు ఆనాఁడు మొదటిసారి వేఱొక ప్రశ్న యడిగెను.

"నరసా! నీకు బ్రదుకవలెనని లేదా?"

ఆమె మొగ మతనివైపుఁ ద్రిప్పెను.

"లేదు. ఈ మాట యెప్పు డడుగుదురా యని యెన్నినాళ్ళు చూచితినో!"

ఆమె కంటఁ దడి లేదు. ఏడ్చుటకుఁ గావలసిన సత్తువయు నామెకు మిగులలేదు. ఏడ్చినవాఁ డతఁడే. తన చేతులతోఁ దానే యామెను జంపుచుంటినని యెఱిఁగి, "ఆకలి లేకున్నను నాకొఱకు త్రాగుము" అని గంజి చెంచాతో నోటికిఁ బట్టెను. ఆమె రెండు గ్రుక్కలు మ్రింగెను.

అది మొదలు ప్రతిదినము నుదయమున నతఁ డా ప్రశ్న యడుగును, ఆమె లేదనును, అతఁడు తినిపించును. కషాయములు మార్చెను, తైలములు మార్చెను. ఏదియుఁ బని చేయలేదు. వానలు వెలసెను, నది వఱద తీసెను, కార్తికము గడచెను. పుష్యమాసమున నొక మధ్యాహ్నము ముద్ద నోటఁ బెట్టుకొని యామె నొసలు ముడిచెను.

"ఉప్పు చాలలేదు."

ఉప్పు తెచ్చెదనని లేచిన శాస్త్రి వంటయింటి స్తంభము పట్టుకొని వెక్కివెక్కి యేడ్చెను. ఆ సాయంకాలము తన పూర్వసూత్రమును గంటముతోఁ గొట్టివేసి, "ఆకలి యనని రోగిని వైద్యుఁడే ముందుగాఁ బలుకరింపవలెను" అని వ్రాసెను. వ్యాధి కుదిరెనని మాత్రము వ్రాయలేదు. మఱునాఁ డుదయమున నడిగినప్పు డామె మరల లేదనెను. అతఁ డుప్పు సరిచూచి ముద్ద కలిపెను.