తిరగేయని ముద్ర

చిన్న ఉలిని బొటనవేలికి ఆనించి, కర్రముక్క మీద మరో గీత లాగాడు ముద్రలాయన. ముందు అడ్డగీత, తర్వాత నిలువుది. జపాన్ అక్షరాలకు ఆ వరస తప్పకూడదని మేనకోడలు చెప్పింది. బయట ముసురు పట్టింది. కొట్లోకి వెలుతురు నీళ్లలోంచి వచ్చినట్టు మెల్లగా వస్తోంది.

ఆయన చెక్కిన పేర్లన్నీ పరాయివాళ్లవే. గుమాస్తాలవి, డాక్టర్లవి, ఎప్పుడో మూతపడ్డ కంపెనీలవి. కాగితం మీద సరిగ్గా పడాలంటే అక్షరాన్ని కర్ర మీద తిరగేసి చెక్కాలి కదా, ఆ పని చేసీ చేసీ ఆయన చెయ్యి తిరగేసిన లోకానికే అలవాటు పడిపోయింది. "చేతిరాత బాగున్నవాడికి తలరాత బాగుండదంటారు. మీకు రెండూ తిరగబడ్డాయి" అని పక్క కొట్టు దర్జీ ఏడిపిస్తాడు. పెళ్లి లేదు. చెల్లెలు పోయాక దాని కూతుర్ని తెచ్చి పెంచుకున్నాడు. ఆ పిల్ల ఇప్పుడు నర్సు. ఈ సాయంత్రమే జపాన్‌లో ఉద్యోగానికి బయల్దేరుతోంది.

పోయిన వానాకాలం నుంచి ఆ పిల్ల పొద్దున్నే వంటింటి బల్ల దగ్గర అక్షరాలు దిద్దుకుంటుంటే, ఈయనా పలక పట్టుకుని పక్కన చేరాడు. మొదట్లో రాసినవన్నీ తిరగబడి వచ్చాయి. ఆమె పలకను అద్దం ముందు పెట్టి చదివి, పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. "మావయ్యా, నువ్వు అద్దంలో ఉండే జపానువాళ్లకి రాస్తున్నావు."

అప్పట్నుంచి చేతిని బుజ్జగించి దారికి తెచ్చుకున్నాడు. రెండు చుక్కలూ ఒక గీతా ఉండే షి, త్సు అనే కవలలు మాత్రం ముప్పుతిప్పలు పెట్టాయి. ఒకదాని గీత కిందనుంచి పైకి ఎగురుతుంది, రెండోదానిది పైనుంచి కిందికి జారుతుంది. నిద్రలో కూడా అవి తూనీగల్లా ఆయన చుట్టూ తిరిగేవి.

"అక్కడ సంతకానికి బదులు పేరు ముద్ర వేస్తారట" అని ఆమె ఒకరోజు మాటవరసకి అంది. ఆ మాటకు ఆయనకు ప్రాణం లేచొచ్చింది. తన విద్య ఇంటిపిల్లకు పనికొచ్చే రోజు రానే వచ్చింది. ఆమె చేతిలో పెట్టి పంపడానికి ఆయన దగ్గర ఇంకేమీ లేదు కూడా. ఆమెకు తెలియకుండా, ఎవరినీ అడగకుండా, తనే చెక్కి బస్సు వేళకు అందించాలి.

కర్రపొట్టు మునివేళ్ల మీద పుప్పొడిలా రాలుతోంది. ఆమె పేరు ఆ కవలల్లో ఒకదానితోనే మొదలవుతుంది. గీత కిందనుంచి పైకి ఎగిరింది, తప్పలేదు. భోజనానికి లేచాడో లేదో ఆయనకు గుర్తులేదు. చివరి గీత అయ్యాక ఉఫ్‌మని ఊది చూస్తే, పేరు కర్ర మీంచి తననే పలకరించినట్టనిపించింది. తడుముకోకుండా చదివేశాడు. ప్రతి ముద్రనూ కాగితం మీద వేసి చూసుకునే మనిషి, మొదటిది ఆమే వెయ్యాలని దీన్ని మాత్రం అలాగే గుడ్డలో చుట్టేశాడు.

బస్టాండులో ఆమె దాన్ని ఆయన తెచ్చిన సిరాలో అద్ది, ఓ కాగితం మీద వేసింది. ఆయన వంగి చూశాడు. పేరు తిరగబడి పడింది. జీవితమంతా తిప్పి చెక్కిన చెయ్యి, ఈ ఒక్క పేరును పలక మీద దిద్దినట్టు తిన్నగా చెక్కేసింది.

ఆయనకు తల కొట్టేసినట్టయింది. "ఇలా ఇచ్చెయ్యమ్మా. సరిగ్గా చెక్కి పంపిస్తా."

"ఇవ్వను." ఆమె ముద్రను పిడికిట్లో దాచుకుంది. "కర్ర మీద సరిగ్గానే ఉందిగా మావయ్యా. కాగితాల మీద వేసే ముద్ర అక్కడ ఎవరైనా చేసిస్తారు. ఇది నేను చూసుకోడానికి."

బస్సు కదిలింది. ఆయన అక్కడే నిలబడి ఏడ్చాడు. వానలో అందరి మొహాలూ తడిసే ఉన్నాయి.

మర్నాడు కొట్టు తీసి ఆ పేరే మళ్లీ చెక్కాడు, ఈసారి తిప్పి. కాగితం మీద చక్కగా పడింది.

"పోస్టు చేస్తారా?" అన్నాడు దర్జీ.

"చెయ్యను. ఇది చేరితే ఆ మొదటిదాన్ని పక్కన పడేస్తుంది."

గిరాకీలు వచ్చి పట్టుకెళ్లాల్సిన ముద్రలుంచే అరలో, గుమాస్తాల ముద్రల మధ్య, మొహాన ఎర్రసిరా ఇంకా ఆరని ఆ చిన్న కర్రముక్క నిలబడి ఉంది.