మోచేతి కింద నాలుగు వేళ్ళు

ఊళ్ళో ఏ ఇల్లాలినడిగినా మేస్త్రీ గురించి ఒకటే మాట చెబుతుంది: కొలత తీసుకోనిదే వంటగట్టు కట్టడు. ఇంటాయన అడ్డొచ్చి "ఎంతో కొంత పెట్టెయ్యవయ్యా" అన్నా వినడు. వండే మనిషిని పిలిపించి, చెప్పులు విప్పించి, గోడ పక్కన నిలబెట్టి, చెయ్యి మడవమంటాడు. మోచేతి కింద నాలుగు వేళ్ళు వదిలి పెన్సిలుతో గీత గీస్తాడు. గట్టు ఆ గీతకే రావాలి. "నడుం పట్టేస్తే మీరు తిట్టుకునేది నన్నేగా తల్లీ" అంటాడు.

అంతటి మేస్త్రీ ఇంట్లో అతని భార్య ఇరవయ్యారేళ్ళు పీటెక్కి వండింది.

ఆ గట్టు అతని తల్లి కొలతకి కట్టింది. తల్లి నిలువెత్తు మనిషి. కోడలు పిట్టంత ఉంటుంది. కాపురానికొచ్చిన వారంలోనే "చేతులు పైకెత్తి వండలేక చస్తున్నానయ్యా" అంటే, అతను పని దగ్గర మిగిలిన సెంట్రింగ్ చెక్క కోసి, కింద రెండు ముక్కలు కొట్టి తెచ్చిచ్చాడు. "నాలుగు రోజులు సర్దుకో. ఈ పని అవగానే గట్టు దించేస్తా" అన్నాడు. ఆ పని అయింది. ఇంకోటి వచ్చింది, దాని వెనక మరోటి. తల్లి పోయింది. కూతురు పుట్టి, పెరిగి, పెళ్ళై వెళ్ళింది. పీట మాత్రం అక్కడే ఉంది.

"ఊళ్ళో అందరి మోచేతులూ చూశావు, నాది తప్ప" అని ఆవిడ అప్పుడప్పుడూ దెప్పేది. అతను నవ్వేసి భోజనానికి కూర్చునేవాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు అతనికి తన మీద తనకే అసహ్యంగా ఉంది.

ఎందుకంటే కిందటి నెల ఆ పీటే జారింది. వేడి గిన్నె దించబోతూ ఆవిడ వెల్లకిలా పడింది. వెన్నుపూస చితికింది.

ఆపరేషన్ చేసి, కాళ్ళలోకి బలం వస్తుందో రాదో కొన్నాళ్ళు చూడాలన్నారు. ఈలోగా ఇంట్లో బాత్రూం మార్చి ఉంచమని డాక్టరమ్మ చెప్పింది: గుమ్మం వెడల్పు చెయ్యాలి, గడప తీసెయ్యాలి, కమోడ్ పెట్టాలి, పట్టుకోవడానికి గోడకి కడ్డీలు బిగించాలి. చేతిలో మిగిలిన డబ్బు దానికే బొటాబొటిగా ఉంది. కానీ మేస్త్రీ మనసులో ఇంకోటి పడింది. గట్టు దించకుండా ఆవిణ్ణి వంటింటి గడప తొక్కనివ్వకూడదు. ఆవిడ మళ్ళీ నిలబడాలి, నిలబడినప్పుడు కాళ్ళు నేలమీదే ఉండాలి.

ఎప్పుడూ ఎవరినీ ఒక మేకు కూడా అడగని మనిషి, సంచీ పట్టుకుని తను పనిచేసిన ఇళ్ళన్నీ తిరిగాడు. మిగిలిపోయిన టైల్స్ ఉంటే ఇమ్మన్నాడు. ఒకరింట్లో అయిదు, ఇంకొకరింట్లో డజను, మేడమీద వానకి తడుస్తున్నవి కొన్ని దొరికాయి. జారకుండా గరుగ్గా ఉన్నవి బాత్రూం నేలకి ఏరాడు, మిగతావి గోడలకి. రంగు ఎవడికి కావాలి?

పైపుల పనికి బావమరిది వచ్చాడు. ఊరంతా పైపులు బిగించే మనిషి, అక్క ఇంట్లో కారే కుళాయికి గుడ్డ చుట్టి నెట్టుకొచ్చినవాడు. ఆ విషయంలో బావకి తగ్గ బావమరిదే. ఇద్దరూ కలిసి పాత గట్టు పగలగొట్టారు.

"మీ అక్క మోచెయ్యి ఎంత ఎత్తుంటుందిరా?" అన్నాడు మేస్త్రీ, దుమ్ములో నిలబడి.

"కాపురం చేసింది నువ్వా, నేనా?" అన్నాడు బావమరిది. బావ ముఖం చూశాక ఆ మాట ఎందుకన్నానా అనుకున్నాడు. "వెళ్ళి కొలుచుకు రా బావా. ఇటుకలు నేను తడిపి ఉంచుతాను."

ఆసుపత్రిలో ఆవిడ నిద్రపోతోంది. మేస్త్రీ దుప్పటి కొంచెం తొలగించి, మడమ దగ్గర టేపు ఆనించి మోచేతి దాకా లాగాడు. నర్సు చూసి కేకేసింది.

"ఏంటయ్యా అది! బతికున్న మనిషికి ఆ కొలతలేంటి?"

ఆ కేకకి ఆవిడ లేచింది. "ఏం కొలుస్తున్నావ్?"

"బాత్రూంలో కడ్డీకి" అన్నాడతను, టేపు వదిలేస్తూ.

"కడ్డీకి కాళ్ళెందుకు కొలవడం?" అని కళ్ళు మూసుకుంది. ఎక్కువసేపు మాట్లాడే ఓపిక ఆవిడకి లేదు.

వచ్చిన కొలతలో నాలుగు వేళ్ళు తగ్గించి గట్టు కట్టాడు. పాత గ్రానైట్ పలకలో పగలని ముక్క కోసి, అంచులు నున్నగా అరగదీసి పరిచాడు. రసమట్టం పెట్టి నాలుగుసార్లు చూసుకున్నాడు. ఏ గొప్పింట్లోనూ అంత శ్రద్ధగా చెయ్యలేదు.

సిమెంటు ఇంకా పచ్చిగా ఉండగానే ఆసుపత్రి నుంచి కూతురు వచ్చింది. గుమ్మంలో నిలబడి లోపలికి రాలేదు.

"నాన్నా, డాక్టరమ్మ చెప్పేసింది. అమ్మ ఇంక నిలబడదట. కుర్చీలోనే."

మేస్త్రీ చెంబు తీసుకుని గట్టు మీద నీళ్ళు చల్లాడు. పచ్చి సిమెంటుని ఎండనివ్వకూడదు. కూతురు ఏడుస్తుంటే మూల మూలకీ చల్లుతూనే ఉన్నాడు.

వారం తర్వాత ఆవిడ చక్రాల కుర్చీలో ఇంటికొచ్చింది. ముందు బాత్రూం చూసింది. ఒక గోడ ఆకుపచ్చ, ఒకటి తెలుపు, మూడోది పువ్వులూ గళ్ళూ కలగాపులగం.

"ఊళ్ళో స్నానాల గదులన్నీ మనింటికే చుట్టపుచూపుగా వచ్చినట్టున్నాయి" అంది. అందరూ నవ్వారు.

తర్వాత వంటగదిలోకి తోశారు. కుర్చీలో కూర్చున్న ఆవిడకి ఆ గట్టు కూడా ఎత్తే. కింద మోకాళ్ళు పట్టవు. ఆవిడ రాతి అంచు మీద అరచెయ్యి పెట్టి అలాగే చూసింది. ఆసుపత్రిలో టేపు ఎందుకు పట్టుకొచ్చాడో అప్పుడు అర్థమైంది.

"నన్ను ఒకసారి నిలబెట్టండి" అంది.

"వద్దమ్మా" అంది కూతురు.

"నిలబెట్టమన్నానా!"

ఒక చంక కింద మేస్త్రీ, ఇంకో చంక కింద కూతురు పట్టుకుని లేపారు. పాదాలు నేలకి ఆనాయి గానీ బరువంతా వీళ్ళ చేతుల్లోనే ఉంది. ఆవిడ భర్త వైపు చెయ్యి మడిచి చూపించింది. అతను ఖాళీగా ఉన్న చేతి నాలుగు వేళ్ళూ దగ్గరికి చేర్చి, మోచేతికీ రాతికీ మధ్య దూర్చాడు. ఇటు వెంట్రుకవాసి ఎక్కువ లేదు, అటు తక్కువ లేదు.

"సరిగ్గా వచ్చిందయ్యా" అంది ఆవిడ. పొయ్యి ఉండే చోటు, కిటికీ, గిన్నెల అర, అన్నీ ఆ ఎత్తు నుంచి ఒకసారి చూసుకుంది. "ఇంక చాలు. కూర్చోబెట్టండి."

ఆ సాయంత్రం టీ పెట్టడానికి మేస్త్రీయే పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. పోలికలు తల్లివి, ఆరడుగుల మనిషి. గట్టు అతని తొడల దగ్గరికి వస్తోంది. మంట చూడాలంటే సగానికి వంగాలి.

"రెండు ఇటుకలేసి ఎత్తు చేసుకో నాన్నా. ఇక మీదట నువ్వేగా వండేది" అంది కూతురు.

"దాన్ని ముట్టుకునేది లేదు" అన్నాడు.

కుర్చీలోంచి ఆవిడ చూస్తోంది. "ఏమయ్యా, నాకంటే పీట సరిపోయింది. నువ్వు నిలబడ్డానికి గొయ్యి తవ్వుకోవాలి" అంది.

కూతురు పకపకా నవ్వింది. మేస్త్రీ కూడా నవ్వాడు. భుజాలు కదులుతూనే ఉన్నాయి. నీళ్ళు మరిగి, పొడి వేసి, టీ వడకట్టే దాకా అతను వంగినవాడు వంగినట్టే ఉన్నాడు, ఇటు తిరగలేదు.

"నడుం పట్టేస్తుంది, లే" అంది ఆవిడ మెల్లగా. "నేనేం తిట్టుకోవడం లేదు."