చుక్క కారని షట్టర్

ఆరోగ్యానికీ, అతని చెల్లెలి మొగుడు జయరాజ్‌కీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. పొలం గట్టు తగాదా కాదు, నగల తగాదా కాదు. బాప్తిస్మం తగాదా! ఆరోగ్యం వాళ్లది తాతల నాటి నుంచీ కొత్తగూడెం ఆర్‌సీఎం గుడి, రోమన్ కాథలిక్కులు. జయరాజ్ పెళ్లయ్యాక పాల్వంచ దగ్గర ఓ ప్రార్థన మందిరంలో చేరి, భార్య సంపూర్ణను కిన్నెరసాని నీళ్లలో మళ్లీ ముంచి లేపించాడు. పసిపిల్లప్పుడు ఫాదర్ నెత్తిన పోసిన నీళ్లు లెక్కలోకి రావట! "నాలుగు చుక్కలు చల్లితే బాప్తిస్మమైతదా బావా? గది కొత్తిమీర మడికి నీళ్లు చల్లుడు" అని నలుగురిలో అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? "ఇంకోపాలి ఆ జపమాల, ఆ మంత్రించిన తీర్థం నా ఇంట్ల కనబడ్డయంటే, సామానుతో సహా మీ అన్న కాడికి తోలుతా" అని భార్యకు ఖరాకండిగా చెప్పాడు. అనడమే కాదు, చేసే రకం కూడా.

అలాంటివాడి పాల్వంచ వర్క్‌షాపుకి ఆరోగ్యం రోలింగ్ షట్టర్ బిగించడానికి ఎందుకొచ్చినట్టు? చెల్లెలి కోసం. "నువ్వే రావాలె అన్నా. ఈ వంకతోనన్న మా ఇంట్ల ఇంత అన్నం తిని పోతవు" అని సెల్‌ఫోన్‌లో ఏడ్చింది. పుట్టింటి వైపు ఆమెకు మిగిలింది ఈ అన్న ఒక్కడే. వచ్చాడు గానీ, మొదటి ముద్ద గొంతు దిగకముందే బావలిద్దరూ మొదలుపెట్టారు.

వర్క్‌షాపు మొహం పడమటికి. జూలై ముసురు పట్టిందంటే అడవి మీంచి వచ్చే జల్లు సరాసరి లేత్ మిషన్ మీదే కొడుతుంది. పాత చెక్క తలుపుల సందుల్లోంచి నీళ్లొచ్చి మిషన్ సగం తుప్పు పట్టింది. అందుకే ఆరోగ్యం ఈసారి ఏ సందూ వదల్లేదు. షట్టర్ జారే గైడ్లకీ గోడకీ మధ్య సిలికాన్ నింపాడు, గైడ్ల లోపల కుచ్చు పట్టీలు దూర్చాడు, షట్టర్ అడుగున మందపాటి రబ్బరు బిగించాడు, పైన చుట్ట మీద రేకు మూత వేశాడు. జయరాజ్ స్టూలేసుకుని కూర్చుని వంకలు పెడుతూనే ఉన్నాడు.

"గా రబ్బరు ముక్కతోని వాన ఆగుతదా?"

"ఆగకపోతే మీ పాస్టర్‌ను పిలిచి వానను గద్దించమను."

జయరాజ్ ఒంటికాలి మీద లేచాడు. "నోరు మంచిగుండాలె! రేపు పొద్దుగాల ఈడ ప్రతిష్ట ప్రార్థన ఉంది. సంఘమంత వస్తది. చుక్క లోపటికొచ్చిందనుకో, నీ ఇజ్జత్ పోతది."

"ఒక్క చుక్క లోపటికొస్తే ఇగ నీ గడప తొక్క. నా చెల్లె ఈడున్నా సరే, ఈ ఇంటి మొహం చూడ. సరేనా?"

"సరే! సంపూర్ణా, ఇన్నవా? నువ్వే సాక్షివి."

చాయ్ గ్లాసులతో వచ్చిన సంపూర్ణ బిక్కచచ్చిపోయింది. "అయ్యో, గట్ల ఒట్లు పెట్టుకోకున్రి" అంది పాపం. ఎవడు విన్నాడు?

ఆ రాత్రి వాన దంచికొట్టింది. కొత్తగూడెంలో ఆరోగ్యం నిక్షేపంగా నిద్రపోయాడు. తన పని మీద అంత ధీమా మరి. తెల్లారేసరికి ఫోన్. "రా బావా, వచ్చి చూస్కో నీ పనితనం!" జయరాజ్ గొంతులో పండగ.

ఆరోగ్యం కుతకుత ఉడికిపోతూ మొదటి బస్సుకే వచ్చాడు. షట్టర్ లోపల గచ్చు మీద నిజంగానే చుక్కలున్నాయి. జయరాజ్ నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. ప్రార్థనకొచ్చిన వాళ్లు ఆటోలు దిగుతూ తొంగి చూస్తున్నారు. ఆరోగ్యం మోకాళ్ల మీద కూర్చుని రబ్బరు తడిమాడు. లోపలి వైపు పొడి. కుచ్చు పట్టీలు పొడి. గోడకు రంధ్రాలు వేసినప్పుడు రాలిన సిమెంటు పొడి గైడ్ల అడుగున పిండిలా అలాగే ఉంది.

"ఇవి వాననీళ్లు కాదు" అనబోయి తలెత్తాడు. లేత్ మిషన్ మీద చుక్కలు. వెనక గోడ మీద చుక్కలు. నాలుగు మూలలా చుక్కలు! వెనక తలుపు దగ్గర సంపూర్ణ నిలబడి ఉంది, కొంగు చాటున పిడికిలి బిగించి. వేళ్ల సందులోంచి నీలం మూత కనబడింది. అమ్మ వేలాంగణి మాత గుడి నుంచి తెచ్చిన తీర్థం సీసా.

పిచ్చిది! రెండు బాప్తిస్మాలు పొందినా, కొత్త షట్టర్ పడిన చోట తీర్థం చల్లనిదే దానికి మనసు నిలవలేదు. అమ్మ చేసినట్టే చేసింది, మొగుడు లేవకముందే వెనక తలుపు తీసుకుని వచ్చి. గచ్చు మీది చుక్కల తడి అంటిన ఆరోగ్యం వేళ్లు అలవాటు కొద్దీ సిలువ గుర్తు వేసుకోడానికి నుదుటి వైపు లేవబోయాయి. చప్పున దించి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

ఒక్క మాట చెప్తే చాలు. తన పని నిలబడుతుంది, బావ నోరు పడిపోతుంది. ఆ పక్క నిమిషంలో చెల్లెలు పెట్టె పట్టుకుని రోడ్డు మీద నిలబడుతుంది.

"ఏంది, నాలుక మడతబడ్డదా?" అన్నాడు జయరాజ్.

"అవ్. కారింది."

"ఏమన్నవ్? గట్టిగ చెప్పు, అందరు ఇనాలె."

"కారిందన్న గదరా! చెవుడొచ్చిందా నీకు?"

భుజం మీది తువ్వాలతో గచ్చు తుడిచాడు. మిషన్ తుడిచాడు. గోడ కూడా తుడిచాడు. "గాలికి జల్లు గంత దూరం కొట్టింది, సూడున్రి" అని జయరాజ్ వచ్చిన వాళ్లకు చూపిస్తున్నాడు. ఆరోగ్యానికి వాడి పీక పిసకాలనిపించింది.

"అన్నా, అది నేనే..." అంటూ సంపూర్ణ ముందుకొచ్చింది.

"నోర్ముయ్!" అని అరిచాడు ఆరోగ్యం. బుద్ధెరిగాక చెల్లెల్ని అంత మాట అనడం అదే మొదలు. "మొగోళ్ల మాటల్ల నీకేం పనే? పో లోపటికి!"

ఆమె అక్కడే ఆగిపోయింది. ఆరోగ్యం సామాను సంచి భుజాన వేసుకుని బయటికి నడిచాడు. వెనక ఎవరో ముసలమ్మ చెల్లెల్ని ఓదార్చడం వినబడుతూనే ఉంది. "గసొంటి అన్న ఉంటే ఎంత, లేకుంటే ఎంత బిడ్డా? పీడ పోయిందనుకో."

చెల్లెలు ఏం జవాబిస్తుందో వినడం అతనివల్ల కాలేదు. గబగబా రోడ్డు దాటి, భద్రాచలం నుంచి వస్తున్న బస్సుకు చెయ్యెత్తాడు.