ముప్పై ఎనిమిదో సెకను

కోర్టులో ఆ అమ్మాయిని అందరూ సెకన్లమ్మ అనేవారు. పేరు పెట్టింది బెంచి గుమాస్తా. మెడలో ఆటల మాస్టర్లు వేసుకునేలాంటి స్టాప్‌వాచీ, ఒళ్ళో అట్ట, అట్టకి బిగించిన కాగితాలతో ఎనిమిది నెలలపాటు ఆమె కుటుంబ న్యాయస్థానంలో వెనక బెంచీ మీద కూర్చుంది. మొదటివారం గుమాస్తాకి అనుమానం వచ్చింది, రెండోవారం చిరాకు వచ్చింది, మూడోవారానికి సరదా పుట్టింది. "ఏం సెకన్లమ్మా, ఇవాళ మా జడ్జిగారికి ఎన్ని మార్కులు?" అని అడిగేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. ఆ మార్కులు చూస్తే జడ్జిగారికి నవ్వు వచ్చేది కాదు.

ఆమె పని చెప్పుకోవడానికి చిన్నదే. కేసు పెట్టుకున్న మనిషి తన గోడు చెప్పుకోవడం మొదలుపెట్టగానే వాచీ నొక్కాలి. ఎవరైనా అడ్డుపడగానే ఆపాలి. ఎన్ని సెకన్లు మాట్లాడనిచ్చారో రాసి, అడ్డుపడిందెవరో పక్క గడిలో టిక్కు పెట్టాలి. గళ్ళు మూడు: జడ్జి, అవతలి లాయరు, ఇతరులు. చివరికి తేలిందేమిటంటే, మగవాళ్ళకి సగటున మూడు నిమిషాలు దొరుకుతున్నాయి, ఆడవాళ్ళకి ముప్పావు నిమిషం. ముప్పావు నిమిషంలో పదేళ్ళ కాపురం గురించి ఏం చెప్తారు? ఇంటి చిరునామా చెప్పేసరికే అయిపోతుంది.

ఈ లెక్క తీయిస్తున్నది ఆమె పిన్ని. ముప్పై ఏళ్ళుగా ఆడవాళ్ళ కేసులే వాదిస్తున్న లాయరు. వరండాలో పిన్ని చెప్పుల చప్పుడు వినిపిస్తే అవతలి లాయర్లు చేతిలో టీ వదిలేసి ఫైళ్ళు వెతుక్కునేవారు. అక్క కూతురు చదువు ముగించి, ఏం చేయాలో తెలియక గోళ్ళు గిల్లుకుంటుంటే, "నా దగ్గరికి రావే, వీళ్ళ బండారం అంకెల్లో బయటపెడదాం" అని పిలిచింది కూడా ఆవిడే.

ఆ అంకెలు మొదటిసారి వాడబోయేది కండక్టరమ్మ కేసులో. కండక్టరమ్మంటే బస్సులో అరవైమందిని ఒక్క కేకతో వెనక్కి జరపగల మనిషి. మొగుడి దెబ్బలు భరించలేక, ఏడేళ్ళ కూతురిని తీసుకుని బయటికొచ్చేసింది. తల్లికి వేళాపాళా లేని డ్యూటీలు కాబట్టి పాపని తండ్రికి అప్పగించమని కింది కోర్టు, అంటే ఆ కుటుంబ న్యాయస్థానమే, తీర్పిచ్చింది. పాప తండ్రిని చూసి భయపడుతోందని తల్లి ఒక్క మాటైనా చెప్పలేదని కూడా ఆ తీర్పులో రాశారు. పైకోర్టులో అప్పీలు వేశారు కాబట్టి పాప ఇప్పటికి తల్లి దగ్గరే ఉంది. గురువారం విచారణ. ఓడిపోతే శనివారం పొద్దున్నే పాప బట్టల సంచీ సర్దాలి.

పిన్ని ఆఫీసు ఒక జిరాక్సు షాపు మీద ఉంది. కింద మెషీను తిరిగినప్పుడల్లా పైన నేల సన్నగా అదురుతుంది. మంగళవారం మధ్యాహ్నం సెకన్లమ్మ ఆ అదురులోనే కూర్చుని, నివేదిక మీద సంతకం పెట్టేముందు ఆఖరిసారి కాగితాలు తిరగేసింది. ఎన్నడూ పట్టించుకోని మూడో గడి దగ్గర ఆమె వేలు ఆగింది. నూట నలభై మంది ఆడవాళ్ళలో అరవై ఒక్కరికి టిక్కు అక్కడే ఉంది. ఇదేమిటి, కోర్టులో ఇన్ని దగ్గులా అనుకుని, అంచుల్లో తను గిలికిన మాటలు ఒక్కొక్కటే చదివింది.

"పిన్నీ, ఈ మూడో గడి చూశావా?"

"దగ్గులూ, ఫోన్లూ, గుమాస్తాలూ. అది తీసెయ్యమని ఎప్పుడో చెప్పానుగా."

"దగ్గులూ ఫోన్లూ కలిపి తొమ్మిది. మిగతా యాభై రెండూ ఆ ఆడవాళ్ళ సొంత లాయర్లే. మనవైపు వాళ్ళు అడ్డుపడతారని మనిద్దరికీ తట్టనే లేదు. అందుకే వాళ్ళకి వేరే గడి పెట్టలేదు."

పిన్ని కళ్ళజోడు పైకి తోసుకుంది. "పనికిమాలిన లాయర్లకి కొదవేముంది. ఎవరెవరో చెప్పు."

సెకన్లమ్మ కాగితాల్లో వెతికింది. కండక్టరమ్మ కేసు కాగితం తీసి టేబుల్ మీద పెట్టింది. అందులో సెకన్లు ముప్పై ఎనిమిది. అంచున రెండే ముక్కలు ఉన్నాయి. మొదటిది: 'పాప పొద్దున్నించి మంచినీళ్ళు.' రెండోది: 'మీరు ఆగండమ్మా, నేను చెప్తాను.'

తన మాటని గుర్తుపట్టడానికి పిన్నికి ఎంతోసేపు పట్టలేదు. ముందు మొహం ఎర్రబడింది, తర్వాత గొంతు లేచింది.

"నీకేం తెలుసే? బోనులో నిలబడి ఒక్క మాట జారితే చాలు, అది పట్టుకుని కేసు మొత్తం ముంచేస్తారు. ఎంతమందిని చూశాను నేను. ఆపింది వాళ్ళని కాపాడ్డానికి."

"కాపాడావా మరి? కేసు పోయింది కదా పిన్నీ. ఆ మంచినీళ్ళ సంగతేమిటో నువ్వు తర్వాతైనా అడిగావా?"

పిన్ని ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. డ్యూటీల పట్టిక గురించీ సెక్షన్ల గురించీ ఆ రోజు అరగంట గడగడా వాదించింది. మంచినీళ్ళ సంగతి మాత్రం అడగలేదు.

"గురువారం ఇది పెడితే అవతలివాడు నన్ను ఉతికి ఆరేస్తాడు," అంది కాగితాన్ని అవతలికి తోసి. "మూడో గడి తీసేసి మిగతాది పెట్టు. జడ్జీల సంగతి బయటపడితే అదే పదివేలు."

"తీసేస్తే నేను సంతకం పెట్టను."

"నా ఆఫీసులో కూర్చుని నాకే ఎదురు చెప్తావా?"

"చెప్తాను. ఆ జడ్జిగారు ఇదే పని చేస్తే చీల్చి చెండాడేదానివి. నువ్వు చేస్తే గడి తీసెయ్యాలా? నన్ను పంపించేసినా సరే, సంతకం పెట్టను."

సరిగ్గా అప్పుడే కండక్టరమ్మ వచ్చింది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, భుజాన టిక్కెట్ల సంచీ అలాగే ఉంది. ఇద్దరి మొహాలూ చూసి గుమ్మంలోనే ఆగింది. సెకన్లమ్మ ఏదీ దాచకుండా విషయం చెప్పేసింది. చెప్తున్నంతసేపూ పిన్ని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

"నాకు తెలుసు కదండీ, నన్నే కదా ఆపింది," అంది కండక్టరమ్మ తేలిగ్గా. "పెద్దావిడ ఆగమన్నారు, ఆగాను. ఆవిడకి తెలిసినంత నాకేం తెలుసని ఊరుకున్నాను. ఆ రాత్రి నుంచి మాత్రం నామీద నాకే ఒళ్ళు మండిపోతోంది."

"ఏం చెప్పబోయారు మీరు?" అని అడిగింది పిన్ని.

"పాప ఆదివారాలు వాళ్ళ నాన్న దగ్గరికి..."

"అంటే కోర్టు అనుమతితో వెళ్ళే ఆదివారాలేనా?"

"అవునండీ. ఆ రోజు పొద్దున్నించీ..."

"ఏ నెల నుంచో తారీఖులు ఉన్నాయా?"

కింద జిరాక్సు మెషీను ఆగింది. పిన్ని తన నోటిని తనే చేత్తో మూసుకుంది. సెకన్లమ్మకి జాలి, కోపం ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఈవిడ చెడ్డది కాదు. ముప్పై ఏళ్ళు ఆడవాళ్ళ తరఫున మాట్లాడి మాట్లాడి, వాళ్ళకీ ఒక నోరుందని మర్చిపోయింది.

"ఇక్కడ చెప్పొద్దమ్మా," అంది పిన్ని చివరికి. "ఇప్పుడు వింటే దాన్ని నా మాటల్లో పెట్టేస్తాను. అక్కడే చెప్పండి. చెప్పగలరా?"

"బస్సులో చెప్పినట్టు చెప్పొచ్చా?"

"బస్సులో చెప్పినట్టే చెప్పండి."

అక్క కూతురి వైపు తిరిగి, "మూడో గడి ఉంచు. మొదటి పేజీలో పెట్టు," అంది.

గురువారం పైకోర్టు గది కిక్కిరిసి ఉంది. బ్యాంకులో ఆఫీసరైన మొగుడు ఇస్త్రీ చొక్కాలో, తన లాయరు వెనక కూర్చున్నాడు. పిన్ని లేచి నివేదిక అందించి, కండక్టరమ్మ కాగితం పైకి చదివింది. "కింది కోర్టులో ఈమె నోరు మూయించింది జడ్జిగారు కాదు. నేను," అంది. అవతలి లాయరు పకపకా నవ్వాడు. గదిలో ఇంకొందరు అందుకున్నారు. సెకన్లమ్మకి వాళ్ళందరినీ లెంపకాయలు కొట్టాలనిపించింది.

జడ్జి నవ్వలేదు. "చేతకానితనం ఒప్పుకుంటున్నారా? ఈ సంగతి నేను లాయర్ల సంఘానికి రాయాల్సి ఉంటుంది."

"రాయండి సార్. నా పూర్తి పేరుతో రాయండి. కానీ ముందు ఆమె చెప్పేది వినండి."

"అప్పీల్లో అలాంటి పద్ధతి లేదు. మీ వాదన ఉంటే వినిపించండి."

"నా దగ్గర వాదన లేదు సార్. ఆమె దగ్గర ఉంది." అలా అని పిన్ని కూర్చుంది. జడ్జి రెండుసార్లు లేవమన్నాడు. లేవలేదు. కోర్టు ధిక్కారమవుతుందని మూడోసారి హెచ్చరిస్తే, లేచి నిలబడింది గానీ పెదవి విప్పలేదు. ముప్పై ఏళ్ళలో ఆవిడ ఆ గదిలో మాట్లాడకుండా నిలబడటం అదే మొదలు. గోడ గడియారం పెద్ద ముల్లు ఒక గీత జరిగింది, ఇంకో గీత జరిగింది. జడ్జి విసుగ్గా పెన్ను కింద పెట్టి, "చెప్పమ్మా, క్లుప్తంగా చెప్పు," అన్నాడు.

కండక్టరమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"ఆదివారం వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళాలంటే మా పాప పొద్దున్నించి మంచినీళ్ళు తాగదండీ. ఎండలో కూడా తాగదు. ఎందుకే అంటే, తాగితే ఆ ఇంట్లో బాత్రూముకి వెళ్ళాల్సొస్తుంది అంటుంది. ఆ బాత్రూముకి లోపల గడియ లేదు. ఈయనే పీకేశాడు. కొట్టేటప్పుడు నేను లోపలికెళ్ళి గడియ పెట్టుకుంటున్నానని. గడియ పోయాక నన్ను అందులోనే కొట్టాడు. పాప చూసింది."

"సరే, అర్థమైంది," అన్నాడు జడ్జి.

"ఇంకా అవలేదండీ." బస్సు చివరి సీటుదాకా వినిపించే గొంతు అది. వెనక గుసగుసలు ఆగిపోయాయి. "భయముందని నేను చెప్పలేదని రాశారు. మా పాప సాయంత్రం ఆరింటికి నా దగ్గరికొచ్చి, చెప్పులైనా విప్పకుండా మూడు గ్లాసులు తాగుతుంది. దాన్ని మీ కాగితాల్లో ఏమంటారో నాకు తెలీదు. నేను భయమంటాను. ఇప్పుడు అయిందండీ."

జడ్జి కింది కోర్టు తీర్పులో ఆ వాక్యం వెతికి చదివాడు. తర్వాత మొగుడిని లేవమన్నాడు. "ఆ గడియ మళ్ళీ పెట్టించారా?"

అవతలి లాయరు చటుక్కున లేచాడు. "నా క్లయింటు తరఫున నేను..."

"మీరు కూర్చోండి. ఆయన్ని చెప్పనివ్వండి."

ఎవరూ అడ్డుపడలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. ఆయనకి కావలసినంత సమయం ఇచ్చారు. ఇస్త్రీ చొక్కా కాలరు సర్దుకున్నాడు, లాయరు వైపు చూశాడు, నేలవైపు చూశాడు. ఒక్క మాట రాలేదు.

"పెట్టించలేదండీ," అంది కండక్టరమ్మ.

కేసు మళ్ళీ మొదటినుంచీ వినాలనీ, అందాకా పాప తల్లి దగ్గరే ఉండాలనీ, ఆదివారాలు ఆ ఇంటికి పంపనక్కర్లేదనీ ఉత్తర్వు వచ్చింది. పిన్ని మీద రాస్తానన్న ఉత్తరం కూడా జడ్జి అక్కడికక్కడే చెప్పి రాయించాడు. వరండాలోకి వచ్చాక సెకన్లమ్మ పిన్ని పక్కకి వచ్చింది. ఆవిడ చెయ్యి పట్టుకుంది. పిన్ని విడిపించుకోలేదు.

కండక్టరమ్మ టిక్కెట్ల సంచీ భుజాన సర్దుకుంటూ వాళ్ళ దగ్గరికి వచ్చింది. "రెండింటికి బండెక్కాలండీ, వెళ్ళొస్తాను. వచ్చేసారి కూడా నేనే చెప్తాను," అంది పిన్నితో. "మీరు నా పక్కన నిలబడండి."