పిట్ట సైకిల్లో గాలి

అడుగున బరువైనవి, మధ్యలో మెత్తనివి, పైన చేతికి అందాల్సినవి. సంచి సర్దడంలో అక్కకు ఒకటే పద్ధతి. ముందుగదిలో కుట్టుమిషను పక్కన చాప పరిచి, తమ్ముడి సామానంతా దానిమీద పేర్చుకుని, ఒక్కొక్కటే లోపల పెడుతోంది. ఆ సంచి కూడా ఆమె కుట్టిందే. బడిసంచులూ బజారుసంచులూ కుట్టి అమ్మడం ఆమె పని. ఇది మాత్రం అమ్మకానికి కాదు. మందపాటి గుడ్డ, భుజాలకి రెండు పొరల పట్టీలు, పానాలు పెట్టుకోవడానికి పక్కన వరసగా ఆరు జేబులు. నాలుగు రోజులు పట్టింది.

"స్వెటర్లు రెండూ పెట్టాను. మూడోది ఒంటిమీద వేసుకుని వెళ్ళు" అంది.

గడప మీద కూర్చుని చేతులకంటిన చైను నూనె తుడుచుకుంటున్న తమ్ముడు తలెత్తాడు. "మూడోది బావదక్కా."

"తెలుసు. ఆయనకి చెప్పాను."

"ఏమన్నాడు?"

"పోతే పోనీలే అన్నాడు."

"స్వెటరా, నేనా?"

మామూలుగా అయితే ఆమె నవ్వేదే. ఆ రోజు నవ్వు రాలేదు. ఎక్కడో కొండల్లో సైకిళ్ళు అద్దెకిచ్చే చోట తమ్ముడికి మెకానిక్కు పని దొరికింది. చేరడానికి రెండు రోజుల ప్రయాణం. బస్సు నాలుగింటికి. అప్పటికి టైము ఒంటిగంట దాటింది. బస్సు కదిలేలోపల ఆమె తమ్ముడికి ఒక మాట చెప్పాలి. నాలుగు నెలలుగా గొంతు దాకా వచ్చి ఆగిపోతున్న మాట అది.

తమ్ముడు ఆరేళ్ళుగా వాళ్ళింట్లోనే ఉంటున్నాడు. బజారు చివర చిన్న సైకిలు షాపు పెట్టుకున్నాడు. బతుకుతెరువు మామూలు సైకిళ్ళతోనే అయినా, ప్రాణమంతా కొండసైకిళ్ళ మీద. ఊరి వెనక గుట్ట మీదికి రాళ్ళ దారి ఒకటుంది. ఆదివారం వచ్చిందంటే చాలు, ముళ్ళ టైర్ల సైకిళ్ళేసుకుని వీధిలో పిల్లల్ని నలుగురినీ వెంటబెట్టుకుని బయల్దేరేవాడు. ఆ నలుగురిలో ముందుండేది అక్క కూతురు. పదేళ్ళది. బక్కపలచగా, ఒకచోట నిలవకుండా ఉంటుందని అందరూ దాన్ని పిట్ట అనేవారు.

పిట్ట సైకిలుని అతను ఎక్కడెక్కడి ముక్కలో ఏరి తెచ్చి కట్టాడు. ఆ రోజు తలుచుకుంటే అక్కకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. పెరటి గోడకి ఆనించిన సైకిలు మీద పిల్లని కూర్చోబెట్టి, మడమని పెడలు మీద పెట్టించి, కాలు తిన్నగా చాచినట్టయ్యేదాకా సీటు పైకీ కిందికీ జరిపాడు. తర్వాత దాని అరచెయ్యి తన అరచేతిలో పరిచి వేళ్ళు కొలిచాడు.

"బ్రేకు కోసం నువ్వు చెయ్యి చాచకూడదు. అదే నీ దగ్గరికి రావాలి. నువ్వు మహారాణివి, అది నీ బంటు. అర్థమైందా?"

"మరి గేర్లు?"

"అవి మంత్రులు. అన్నీ ఒకేసారి మాట్లాడనివ్వకు."

హెల్మెట్టుకీ కనుబొమలకీ మధ్య రెండు వేళ్ళు పట్టాలి. గడ్డం కింద పట్టీలో ఒక వేలు దూరాలి. బోల్టులన్నీ బిగించాక సైకిలుని జానెడు ఎత్తు నుంచి నేలమీద వదిలేవాడు. ఎక్కడైనా గలగలమంటే మళ్ళీ మొదటికొచ్చేవాడు. ఎగువలో పిల్లలు అలసిపోతే తన సీటుకి సాగే తాడు కట్టి, రెండో కొస పిట్ట హ్యాండిలుకి తగిలించి లాక్కెళ్ళేవాడు. మామయ్య ఇంజను, తను రైలుపెట్టె అని పిట్ట ఇంటికొచ్చి చెప్పేది. మోకాళ్ళనిండా దుమ్ము, మొహమంతా ఎండ, నోరంతా కబుర్లు. ఆదివారం మధ్యాహ్నం ఆ ఇల్లు ఎంత గోలగా ఉండేదో.

వాళ్ళు వచ్చేదాకా అక్కకు మాత్రం ప్రాణం అరచేతిలో ఉండేది. మిషను ముందు కూర్చున్నా కుట్టు వంకర పోయేది. ఆ భయంతో ఆమెకు చెయ్యగలిగిన పని ఒక్కటే కనిపించింది. టైర్లకు గాలి కొట్టడం. వయసులో ఉన్నప్పుడు కుట్టిన సంచుల మూటలు క్యారేజీకి కట్టుకుని పెద్ద బజారుకి సైకిలు మీదే వెళ్ళేది. టైరు కాస్త మెత్తబడితే ట్యూబు నలిగి మైళ్ళకొద్దీ నడిపించుకుంటూ రావాల్సి వచ్చేది. టైరు అంటే రాయిలా ఉండాలి. ఆమెకు తెలిసిన సైకిలు శాస్త్రం అంతే. అందుకని ప్రతి ఆదివారం పొద్దున్నే పంపు పట్టుకుని, చీర కొంగు బిగించి, పిట్ట సైకిలుకి చెమటలు కారేలా గాలి కొట్టి, బొటనవేలితో నొక్కి చూసుకుని మరీ పంపేది.

ఇలా రెండేళ్ళు జరిగింది. ఒకనాడు అన్నం తింటూ పిట్ట నోరుజారింది.

"అమ్మా, నువ్వు కొట్టిన గాలి మామయ్య మలుపు తిరగ్గానే తీసేస్తాడు."

తమ్ముడు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు. బావ గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"ప్రతివారమూనా?" అంది అక్క.

"ప్రతివారమూ. సగం పైనే తీసేస్తాడు."

"రెండేళ్ళ నుంచి నా చేత వెట్టిచాకిరీ చేయించావన్నమాట."

"నీ తృప్తి ఎందుకు కాదనాలని" అన్నాడు తమ్ముడు. "అది కాదక్కా. తారురోడ్డు మీద నువ్వు చెప్పేది నిజమే. రాళ్ళ మీద వేరు. వట్టి పాదంతో రాయి మీద నడిస్తే పాదం ఒరుసుకుని పట్టుకుంటుంది. చెక్కచెప్పులేసుకుని నడిస్తే జారుతుంది. టైరూ అంతే. దీని బరువెంతని? గాలి కొలిచే గేజీలో పాతిక చాలు. నువ్వు యాభై దాటిస్తున్నావు."

ఆమె రెండు రోజులు మొహం ముడుచుకుని తిరిగింది. మూడో రోజు తనే దిగొచ్చి, ఇక పంపు ముట్టుకోనని మాటిచ్చింది. తమ్ముడు సంబరపడ్డాడు. ఆ తర్వాత శనివారం సాయంత్రమే గేజీ పెట్టి అన్ని సైకిళ్ళకీ గాలి సరిచేసి పెట్టేవాడు. మలుపులో ఆగి చూసుకోవడం మానేశాడు. అక్క మాటంటే మాటే కదా.

జూలైలో ఒక శనివారం బాగా వాన పడింది. ఆదివారం తెల్లవారుతుండగా అక్క పెరట్లోకి వచ్చింది. ఎందుకో పిట్ట సైకిలు టైరు మీద వేలు పెట్టింది. మెత్తగా లోపలికి పోయింది. వాన నీటికి ఏ మేకో దిగి ఉంటుందనుకుంది. రాళ్ళమధ్య గాలి పోతే పిల్ల గతేమిటనుకుంది. లేపి అడుగుదామంటే ఇచ్చిన మాట గుర్తొచ్చింది, నవ్వుతారనిపించింది. పంపు తీసి, చప్పుడు కాకుండా, ముందు చక్రానికి నలభై సార్లు, వెనక చక్రానికి నలభై కొట్టి, పంపుని ఉన్నచోటే తగిలించి లోపలికెళ్ళి పొయ్యి వెలిగించింది.

దిగువలో వానకి కొట్టుకొచ్చిన గులకరాళ్ళ మలుపు దగ్గర పిట్ట పడిపోయింది. భుజం ఎముక విరిగింది. తమ్ముడు దాన్ని వీపున వేసుకుని గుట్ట దిగి ఆసుపత్రికి పరిగెత్తాడు. సైకిలుని మిగతా పిల్లలు నడిపించుకొచ్చారు. ముందు టైరు రాయికి కోసుకుపోయి వేలాడుతోంది.

ఆసుపత్రి వరండాలో బావ అడిగాడు. "ఏం సైకిలు కట్టావోయ్? ఏం చూసుకున్నావు?"

"నేనే చూసుకోవాల్సింది బావా" అన్నాడు తమ్ముడు.

పక్కనే నిలబడ్డ అక్క నోరు తెరవలేదు. పిల్లకు కట్టు కట్టాక చెబుదామనుకుంది. ఇంటికెళ్ళాక చెబుదామనుకుంది. ఆయన కోపం చల్లారాక అనుకుంది. రోజులు గడిచేకొద్దీ ఆ మాట బరువెక్కుతూ పోయింది. ఈలోగా వీధిలో పిల్లల్ని వాళ్ళ అమ్మానాన్నలు ఆదివారాలు పంపడం మానేశారు. షాపుకి వచ్చేవాళ్ళూ తగ్గారు. పిట్ట భుజం అతుక్కుంది గానీ, సైకిలు వైపు చూడటం మానేసింది. ఎవరైనా అడిగితే "నాకు రాదు" అనేది. అంతే. నాలుగేళ్ళు గుట్టలెక్కిన పిల్ల, నాకు రాదు అని చెప్పి పుస్తకం ముందేసుకునేది.

అక్క సంచిలో ఆఖరి తువ్వాలు పెట్టింది. తాడు లాగి ముడి వెయ్యబోయి ఆగింది.

"ఒరేయ్, ఆ రోజు పొద్దున నేను పిట్ట సైకిలుకి గాలి కొట్టాను" అంది, సంచి వైపే చూస్తూ. "మీరెవరూ లేవకముందు. రెండు చక్రాలకీ. నీకు మాటిచ్చి కూడా."

తమ్ముడు వేలు వేలూ తుడుచుకున్నాడు. గుడ్డ మడిచి గడప మీద పెట్టాడు.

"తెలుసక్కా."

ఆమె చేతిలోంచి తాడు జారింది.

"కోసుకుపోయింది ముందు టైరే. వెనకది బాగానే ఉంది కదా. ఆ సాయంత్రమే గేజీ పెట్టి చూశాను. ముల్లు యాభై దాటింది."

"మరి చెప్పవేంరా? మీ బావ అంతలేసి మాటలంటుంటే, వీధి వీధంతా నిన్ను దోషిని చేస్తుంటే..."

"నువ్వు చెబుతావని చూశాను."

కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అన్నాడు. "మొదటి వారం చూశాను. కట్టు విప్పేదాకా చూశాను. ఆ తర్వాత ఇక ఆ కొండల్లో వాళ్ళకి వస్తానని రాసేశాను."

"ఇప్పుడు చెప్పాను కదరా. ఉండిపో. అందరికీ చెబుతాను. ఇంటింటికీ వెళ్ళి చెబుతాను."

"వాళ్ళకి మాటిచ్చానక్కా."

అతను దెప్పడానికి అనలేదని ఆమెకు తెలుసు. అయినా ఆ మాట వచ్చి సూదిలా దిగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తమ్ముడే మళ్ళీ అన్నాడు. "బావకి చెప్పినా చెప్పకపోయినా నాకొకటే. దానికి చెప్పు. తనకి తొక్కడం రాదనుకుంటోంది అది."

మామయ్య వెళ్ళే రోజని పిట్ట బడి మానేసి వెనకగదిలో కూర్చుంది. అక్క పిలిచింది. ఎదురుగా నిలబెట్టుకుని, తమ్ముడికి చెప్పినట్టే, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పింది.

పిట్ట తల్లివైపు చూడలేదు. మామయ్య వైపు చూసింది. "అయితే మలుపులో నేను బ్రేకు సరిగ్గానే పట్టానా?"

"సరిగ్గానే పట్టావు."

"ఎక్కడ చూస్తున్నాను?"

"దారి చివరే చూస్తున్నావు. నీ వెనకే ఉన్నాగా, చూశాను."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా."

"చెప్పాను. ఊరుకోబెట్టడానికి అంటున్నాననుకున్నావు."

పిట్ట కాసేపు కాలి బొటనవేలితో చాప అంచు తిప్పింది. అప్పుడు తల్లివైపు తిరిగింది. "ఎన్నిసార్లు కొట్టావు?"

"నలభై."

"ఒక్కో చక్రానికీనా?"

"ఒక్కో చక్రానికీ."

"నీకు బలం బాగానే ఉందమ్మా" అంది పిట్ట. అక్కకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

తమ్ముడు లేచి పెరట్లోకి నడిచాడు. వెనకే ఇద్దరూ వెళ్ళారు. సైకిలుకి బూజు పట్టి ఉంది. ముందు టైరు అతను ఎప్పుడో కొత్తది వేశాడు గానీ, ఎక్కేవాళ్ళు లేక రెండు చక్రాలూ గాలి దిగిపోయి నేలకి అంటుకున్నాయి. మడమ పెడలు మీద పెట్టించి చూశాడు. నాలుగు నెలల్లో పిల్ల పొడుగైంది. సీటు రెండు వేళ్ళంత పైకి లేపి బిగించాడు. అప్పుడు పంపు తీసి అక్క చేతికిచ్చాడు.

"కొట్టు. ఆపమన్నప్పుడు ఆపు."

ఆమె కొట్టింది. ఒక్కో చక్రానికీ ఇరవై కూడా కాకముందే ఆపమన్నాడు. గేజీ పెట్టి ముల్లు చూపించాడు. ఆమె బొటనవేలితో టైరు నొక్కింది. మెత్తగా లోపలికి పోయింది. ఇంకో పది కొట్టమని చేతులు పోరుతున్నాయి. పంపు వదిలేసి రెండు చేతులూ కొంగులో దాచుకుంది. తమ్ముడు గేజీ ఆమె మిషను సొరుగులో పెట్టాడు.

బస్సు ఆగేచోటికి ముగ్గురూ కలిసే వెళ్ళారు. తమ్ముడు సంచి భుజాన వేసుకుని నడుస్తుంటే, పిట్ట మొదట వంకరటింకరగా, తర్వాత తిన్నగా అతని పక్కనే తొక్కింది. అక్క నాలుగడుగుల వెనక నడిచింది.

"చేరగానే ఉత్తరం రాయి."

"రాస్తాను."

"స్వెటరు తీసెయ్యకు."

"ఇక్కడ దీంతో చెమటలు పడుతున్నాయక్కా."

"అయినా సరే."

బస్సు కదిలాక పిట్ట పెద్దరోడ్డు దాకా దానివెనక తొక్కుకుంటూ వెళ్ళి తిరిగొచ్చింది. ఆ సాయంత్రం అక్క భర్తకి అంతా చెప్పింది. మర్నాడు ఆమె వీధిలో మిగతా ముగ్గురు పిల్లల ఇళ్ళకీ వెళ్ళి గుమ్మంలో నిలబడి చెప్పింది. పది రోజుల తర్వాత వచ్చిన ఆదివారం పిట్టతో ఇద్దరు పిల్లలు గుట్టకి వెళ్ళారు. ఆ సంగతి తమ్ముడికి రాస్తే, నాలుగు పేజీల జవాబు వచ్చింది. అందులో మూడు పేజీలు బ్రేకుల గురించే.

తర్వాత మరో నాలుగేళ్ళు ఉత్తరాలు వచ్చాయి. ప్రతి ఏడాదీ వస్తానన్నాడు. ప్రతి ఏడాదీ పిల్లల సెలవుల్లోనే అక్కడ పని ఎక్కువని రాశాడు. ఐదో ఏడు ఫిబ్రవరిలో అక్కడి ఆసుపత్రిలో ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. అతను ఆ ఇంటి నుంచి వెళ్ళింది నవంబరు పదకొండు, మంగళవారం. మళ్ళీ రాలేదు.