రమ్మన్న ప్రార్థన

పిడుగంటే పిడుగే ఆ పిల్ల. ఎనిమిదేళ్లైనా నిండలేదు గానీ, సండే స్కూల్లో అడుగుపెట్టిందంటే కుర్చీలు తిరగబడాల్సిందే. అసలు పేరు హాజరు పట్టీకే పరిమితం, అందరి నోటా పిడుగే.

వారమంతా మిషను తొక్కి, ఆదివారం పిల్లలకు పాఠం చెప్పే టైలరక్కకు మాత్రం అదంటే ప్రాణం. గొడవంతా ఒక్కచోటే వచ్చేది. పాఠానికి ముందు పిల్లలు కళ్లు మూసుకుని, ఒకరి తర్వాత ఒకరు "తండ్రీ, మా ఇంటికి రా" అనాలి. దేవుణ్ణి పిలిచే ఆ చిన్న ప్రార్థన అక్క సొంతంగా కట్టిందే. అది మొదలయ్యేసరికి పిడుగు కేకలు పెట్టేది, పక్కవాళ్ల నోళ్లు నొక్కేది. ఒకసారి అడ్డుకోబోయిన అక్క చెయ్యి కూడా కొరికేసింది.

"ఒక్కదాని కోసం ఇరవైమందిని ఏడిపిస్తామా అమ్మా? వచ్చే వారమూ ఇదే తంతైతే ఇక రావద్దని చెప్పేద్దాం," అన్నారు పాస్టరు గారు.

"మనమే పొమ్మంటే ఎక్కడికి పోతుందండీ? నాకు వదిలెయ్యండి," అంది అక్క.

ఆవిడ ఓర్పుకు దండం పెట్టాలి. ఆ ఆదివారం నేలమీదే చతికిలబడి, పిల్లను ఒళ్లోకి లాక్కుని, తల నిమురుతూ కూర్చుంది. తన్నులు తింది, రక్కించుకుంది, పల్లెత్తు మాట అనలేదు. "నా బంగారం కదూ! ఒక్కసారి అను. నేనున్నాగా."

పిడుగు ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. అక్క పైట గుప్పిట్లో బిగించి, వినపడీ వినపడనట్టు అంది. "తండ్రీ, మా ఇంటికి రా."

పిల్లలంతా చప్పట్లు! అక్కకు కళ్లనీళ్లు ఆగలేదు. ఎంత సంబరపడిందో పిచ్చిది! ఎందుకనవే తల్లీ అని ఇన్నాళ్లలో ఒక్కసారైనా అడిగిందా? అడగలేదు. ప్రేమగా ఉంటే చాలనుకుంది.

తర్వాతి ఆదివారం పిడుగు అందరికంటే ముందొచ్చింది. కుర్చీల జోలికి పోలేదు. కింది పెదవి చిట్లి ఉంది.

"ఏమైందిరా తల్లీ?"

"బుధవారం నాన్న వచ్చాడు. అమ్మ ఆసుపత్రిలో ఉంది."

వెంట వచ్చిన అమ్మమ్మ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. పెళ్లాన్నీ బిడ్డనీ చావగొడుతున్నాడని ఏడాది కిందట కోర్టు ఆ మనిషిని ఇంటి గడప తొక్కొద్దందట. తలుపు విరగ్గొట్టుకుని వచ్చాడట. పోలీసులొచ్చేలోపే పారిపోయాడు, ఇంకా దొరకలేదు. 

"వీళ్లందరూ రమ్మంటుంటే ఇన్నాళ్లూ నేనే ఆపాను," అంది పిడుగు. "నువ్వు బతిమాలావని పిలిచేశానక్కా."

"కాదమ్మా, అది దేవుణ్ణి పిలవడం! మీ నాన్నని కాదు. నీ తప్పేం లేదు. అడక్కపోవడం నా తప్పే తల్లీ!"

పిల్ల వినిపించుకోలేదు. చేతులు జోడించి, కళ్లు గట్టిగా మూసుకుని, బుద్ధిగా నిలబడింది.

"అక్కా, పొమ్మనే ప్రార్థన నేర్పవా? ఈసారి అస్సలు గోల చెయ్యను."