కాగితం ఎక్కని పిల్లచిలుక

నాకొక జబ్బుంది. ఏదైనా సంగతి అర్థం కాకపోతే అన్నం సహించదు. మా ఆయన పాండురంగ్ దాన్ని పోలీసు జబ్బంటాడు. అననీ, నాకేం! ఆ జబ్బే లేకపోతే 1999లో అంబాదాస్ కాకా దొంగగానే మిగిలిపోయేవాడు.

షోలాపూర్‌లో, అశోక్ చౌక్ వెనక గల్లీలో మా మామ రాజారాంకు పన్నెండు మగ్గాల కార్ఖానా ఉండేది. చద్దర్లు నేయించేవాడు. డిజైన్లు నేను ఇంట్లో కంప్యూటర్ మీద గీసేదాన్ని. గల్లీకి అవతల కార్ఖానాలో ఇంకో కంప్యూటర్. రెండింటినీ మేడల మీదుగా లాగిన తీగతో కలిపాం. నేనిక్కడ గీస్తే అక్కడ కాగితం మీద అచ్చయ్యేది. ఆ కాగితం చూసి అంబాదాస్ కాకా జకార్డు అట్టలకు చిల్లులు కొట్టేవాడు. ఆ చిల్లులను బట్టే మగ్గం బొమ్మ నేస్తుంది. ఇరవై ఏళ్లుగా ఆయన పని అదే.

ఆ ఏడు ఎదురెదురుగా రెండు చిలుకలున్న డిజైన్ గీశాను. కాకా అట్టలు కొట్టేశాడు కానీ, రంగు నూలు ఆలస్యమై మా చద్దరు మగ్గం ఎక్కలేదు. ఇంతలో అదే చద్దరు కొంతం చౌక్‌లో ఎవరిదో దుకాణం ముందు వేలాడుతోందని తెలిసింది. మామ వెళ్లి ఒకటి కొనుక్కొచ్చి కాకా ముందు విసిరికొట్టాడు.

“కాగితం నీ చేతిల తప్ప ఎవ్వని చేతిల లేదు. ఎవనికి అమ్మినవ్‌రా?”

“నా బిడ్డల మీద ఒట్టు సేటూ, నేను అమ్మలే,” అన్నాడు కాకా.

మామ వింటేనా! మగ్గాలు ఆడుతున్నా ఆ అరుపులు గల్లీ చివరిదాకా వినిపించాయి. కాకా చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. నిజం చెప్పొద్దూ, నేనూ ఆయన్నే అనుమానించాను.

ఆ చద్దరు పది రోజులు మా ఇంట్లో ఒక మూలన పడి ఉంది. కోపంతో దాని ముఖం కూడా చూడలేదు. పదకొండో రోజు సర్దుతూ మడత విప్పితే, రెండు చిలుకల నడుమ వేలెడంత పిల్లచిలుక!

ఆ పిల్లచిలుక ఏ కాగితం మీదా లేదు. కాకా అట్టలు కొట్టేశాక, ఒక మధ్యాహ్నం ఏమీ తోచక కంప్యూటర్‌లో ఊరికే గీసుకున్నాను. అచ్చు తీయలేదు. మా ఆయనకు కూడా చూపలేదు. కార్ఖానాలో కంప్యూటర్ గది తాళం మామ మొలతాడుకే ఉంటుంది. మరి కాకా చేతికే రానిదాన్ని కాకా ఎలా అమ్ముతాడు? అది నా కంప్యూటర్ లోంచి బజారుకెలా పోయింది?

ఇంక అన్నం సహిస్తే ఒట్టు. ముంబై వ్యాపారులకు ఈమెయిల్ పంపడానికి నా కంప్యూటర్‌కే ఫోన్ లైను కూడా తగిలించి ఉంది. ఇప్పటి రూటర్లలా మధ్యలో కాపలా కాసేది అప్పుడేదీ లేదు, లైను నేరుగా కంప్యూటర్‌లోకే. మేడ మీది తీగలో కార్ఖానాకు కనబడే ఫైళ్లు, ఫోన్ లైనులో ఊరికి కనబడవని ఎవరు చెప్పారు?

చూసేద్దామనుకున్నాను. ఇంటర్నెట్ కలిపి, ఆ పూట మా కంప్యూటర్‌కొచ్చిన అంకెల చిరునామా అరచేతిలో రాసుకున్నాను. లైను తెగకుండా మా ఆయన్ని కాపలా కూర్చోబెట్టి, రిక్షా ఎక్కి సైబర్ కేఫ్‌కు వెళ్లాను. అక్కడి కంప్యూటర్‌లో రెండు ఏటవాలు గీతలు, వాటి పక్కన ఆ అంకెలు కొట్టాను. అంతే! మా డిస్కు మొత్తం తెరుచుకుంది. చిలుకలు, పిల్లచిలుక, మా ఆడబిడ్డ పెళ్లి సంబంధాల జాబులు, అన్నీ. పాస్‌వర్డ్ అడగనైనా లేదు.

కేఫ్ నడిపేవాడు నా భుజం మీదుగా చూసి నోరు తెరిచాడు. “అరె వహినీ, అంతా ఖులా పెట్టిన్రా? ఈడ పోరగాండ్లు కూసొని ఒక్కో నంబరు కొట్టుకుంట పోతరు. ఏది తెరుసుకుంటే దాంట్ల దూరుతరు.”

ఖులాగా పెట్టిందెవరు? నేనే. రెండు కంప్యూటర్లనూ కలిపిన రోజు, మాటిమాటికీ పాస్‌వర్డ్ ఎవరు కొడతారులే అని డిస్కు మొత్తాన్నీ అందరికీ తెరిచి పెట్టాను.

ఇంటికొచ్చి సెట్టింగులు తీశాను. ఫైల్ షేరింగ్‌కు రెండు చోట్ల టిక్కుంది, కార్ఖానా తీగకొకటి, ఫోన్ లైనుకొకటి. ఫోన్ లైను టిక్కు తీసేశాను. డిస్కంతా పంచడం మాన్పించి డిజైన్ల ఫోల్డర్ ఒక్కటే ఉంచాను, అది కూడా చూడ్డానికి మాత్రమే, పాస్‌వర్డ్‌తో. మళ్లీ లైను కలిపి, కొత్త అంకెలు రాసుకుని మళ్లీ కేఫ్‌కు పరుగు. ఈసారి ఎన్నిసార్లు కొట్టినా తెరుచుకోలేదు. కార్ఖానాలో అచ్చు మాత్రం ఎప్పటిలాగే వచ్చింది. గెలిచానని గంతులేయబోయి ఆగిపోయాను. ఒక్క టిక్కు కోసం ఒక మనిషి కూడు పోయింది కదా అని ఏడుపొచ్చింది.

మామకంతా చెప్పాను. “పోయి కాకాను తోల్కరా,” అన్నాడు.

కాకా ఇంట్లోనే ఉన్నాడు. నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

“కంప్యూటర్‌ల తలుపు మూసినవ్, మంచిగైంది బిడ్డా. గల్లీల నోర్లు ఎవరు మూయాలె? సేటు కార్ఖానల అన్నడు, ఆడికే ఆయె. నల్లా కాడ అందరి ముందట నన్ను దొంగ అన్నది నువ్వు. మా ఆమె చెవులార విన్నది.”

నిజమే. కాకా వెళ్లిన మర్నాడే, కడుపులో మాట ఆగక, నీళ్ల వరుసలో పదిమంది వింటుండగా అనేశాను.

మర్నాడు పొద్దున నల్లా వచ్చే వేళకు వెళ్లి నిలబడ్డాను. బిందెలు చప్పుడు చేస్తున్నాయి.

“అంబాదాస్ కాకా దొంగ కాదు. డిజైన్ పోయింది నా కంప్యూటర్‌ల నుంచి, నా తప్పుతోని. నేను ఆయన్ని వట్టిగనే అన్న.”

కంప్యూటర్ గొడవ ఎవరికీ పట్టలేదు కానీ ఆ మాట అందరికీ అర్థమైంది. ఎవరో కిసుక్కుమన్నారు. నల్లా కింద బిందె పెట్టిన పొరుగింటి యల్లమ్మ నీళ్లు కట్టేసి నా వైపు తిరిగింది.

“జర గట్టిగ చెప్పు రేణుకా. ఎన్క యమునాబాయి ఉన్నది, ఆమెకు వినబడలే.”

వరుస చివర కాకా భార్య యమునాబాయి ఖాళీ బిందె చంకన పెట్టుకుని నన్నే చూస్తోంది. ఆమె వైపు తిరిగి, ఈసారి గట్టిగా చెప్పాను.